చేనుకొక వాన పడే చోట మండలానికొక సలహా చాలదు

ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ శాఖ కమిషనర్ గారికి, ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం విస్తరణ సంచాలకులకు, కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల కలెక్టర్లకు నమస్కారం.

కృత్రిమ మేధతో రైతుకు పంట సలహా చెప్పించడం మన సీమకు కొత్త కాదు. 2016 ఖరీఫ్‌లో మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో 175 మంది వేరుశనగ రైతులతో ఈ పని మొదలుపెట్టాయి. 1986 నుంచి 2015 దాకా ముప్పై ఏళ్ల వాతావరణ లెక్కలు తీసుకున్నారు. నేలలో తేమ ఏ వారం నుంచి నిలకడగా ఉంటుందో అంచనా కట్టారు. మామూలు ఫోన్లకు తెలుగులో సందేశాలు పంపి, జూన్ చివరి వారం దాకా విత్తనం ఆపమన్నారు. సగటున 30 శాతం దిగుబడి పెరిగిందని ప్రకటించి, 2017లో ఆంధ్ర, కర్ణాటకల్లో 3 వేల మందికి పైగా రైతులకు విస్తరించారు.

ఆ ప్రయత్నాన్ని మేము గౌరవిస్తాం, అలాంటివి ఇంకా రావాలని కోరుకుంటాం. అయితే ఆ సందేశాల్లో విత్తే తేదీ ఒక్కటే లేదు. పశువుల ఎరువు, భూసార పరీక్షను బట్టి ఎరువులు, విత్తనశుద్ధి, విత్తే లోతు కూడా ఉన్నాయి. పెరిగిన దిగుబడిలో తేదీ వాటా ఎంత, విత్తనశుద్ధి వాటా ఎంత అన్నది విడదీసి చూడాల్సిన విషయం. ఇంకోటి కూడా గుర్తు చేసుకోవాలి. అదే 2016 ఆగస్టులో సీమ అంతటా వాన లేక బెట్ట పట్టింది. అనంతపురంలో ఎండుతున్న వేరుశనగను బతికించడానికి ప్రభుత్వమే నీళ్లు చిమ్మే రెయిన్‌గన్‌లు పంపాల్సి వచ్చింది. విత్తే తేదీ సరిగ్గా కుదిరినా, కాయ కట్టే ఊడలు పూల నుంచి నేలలోకి దిగే వేళ వాన మొహం చాటేస్తే పంట దక్కదు. విత్తిన దగ్గర్నుంచి పెరికేదాకా వెంట ఉండే సలహా ఈ నేలకు కావాలి.

ఇప్పుడు పనిముట్లు బాగా పెరిగాయి. 2024 ఆగస్టు 15న కేంద్రం జాతీయ తెగుళ్ల నిఘా వ్యవస్థను ప్రారంభించింది. ఆకు ఫొటో తీస్తే తెగులు పేరు చెప్పే ప్లాంటిక్స్ లాంటి యాప్‌లు తెలుగులో ఉన్నాయి. 2025లో కృత్రిమ మేధ నమూనాలతో కట్టిన రుతుపవనాల అంచనాను 13 రాష్ట్రాల్లో 3.8 కోట్ల మంది రైతులకు కేంద్ర వ్యవసాయ శాఖ పంపింది. ఆ ఏడాది రుతుపవనాలు మే 24నే కేరళను తాకి, తర్వాత మధ్యలో ఆగిపోయాయి. ఆ విరామాన్ని నమూనా ముందే పట్టుకుంది. ఇది చిన్న విషయం కాదు. కానీ రుతుపవనం ఎప్పుడు వస్తుందన్నది ఒక ప్రశ్న, కళ్యాణదుర్గం దగ్గర ఒక ఎర్రచేలో పదును (విత్తడానికి సరిపడా తేమ) అయిందా లేదా అన్నది ఇంకో ప్రశ్న. మొదటిదానికి జవాబు చెప్పగలిగే యంత్రం రెండోదానికి తనంతట తాను చెప్పలేదు. ఈ లేఖ రాయడానికి కారణం అదే.

మొదట వాన లెక్క సంగతి చూద్దాం. అనంతపురం సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. అందులో విత్తుకు పనికొచ్చే వానలు ఎక్కువగా ఉరుములతో వచ్చేవే. గట్టుకు ఇవతల సాళ్లు నిండిపోతాయి, అవతల దుమ్ము కూడా అణగదు. మండలానికి ఒకటో రెండో ఉన్న ఆటోమేటిక్ వర్షమాపకం 22 మిల్లీమీటర్లు చూపించిందంటే, అది ఆ మాపకం ఉన్న ఆవరణలో పడిన వాన మాత్రమే. పది కిలోమీటర్ల దూరంలో ఉన్న చేనికి ఆ అంకె వర్తిస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఉపగ్రహం లెక్క కూడా కొన్ని కిలోమీటర్ల గడిని ఒకే వానగా చూస్తుంది.

దీనికంటే ప్రమాదకరమైన తప్పు ఇంకొకటి ఉంది. ఆటోమేటిక్ మాపకంలో గరాటు కింద చిన్న తక్కెడ లాంటి డొప్పలు రెండు ఉంటాయి. ఒకటి నిండగానే ఒరిగి నీళ్లు పారబోస్తుంది, ఒక్కో ఒరుగుకు ఇంత అని లెక్క పడుతుంది. గరాటులో వేపాకు పడినా, ఎండాకాలం దుమ్ము పేరుకున్నా, సాలీడు గూడు కట్టినా నీళ్లు కిందికి దిగవు, డొప్ప ఒరగదు. బయట కుండపోతగా కురుస్తున్నా పైకి వెళ్లే అంకె సున్నా. నమూనా దాన్ని ‘వాన పడలేదు’ అని చదువుకుంటుంది. ఆ సున్నాతో తేమ లెక్క కట్టి, పదునున్న చేనికి ‘ఆగండి’ అంటుంది. గరాటు మూసుకుని బొట్టు బొట్టుగా దిగినా అంతే, నిన్నటి వాన ఇవాళ్టి ఖాతాలో పడుతుంది. కాబట్టి ‘సున్నా’ వేరు, ‘లెక్క రాలేదు’ వేరు అని వ్యవస్థలో స్పష్టంగా విడిగా రాయాలి. చుట్టూ ఉన్న నాలుగు మాపకాలు వాన చూపించి ఒక్కటే సున్నా చూపిస్తే, ఆ సున్నాను లెక్కలోకి తీసుకోకుండా మనిషిని పంపి చూడాలి. ఏటా మే నెలాఖరులోగా, మృగశిర కార్తె రాకముందే, ప్రతి మాపకం గరాటు శుభ్రం చేసి, కొలిచిన నీళ్లు నెమ్మదిగా పోసి, అంకె సరిగ్గా వస్తోందో లేదో చూసి సంతకం పెట్టాలి. ఇదంతా అరగంట పని.

ఊరూరా ఆటోమేటిక్ యంత్రం పెట్టమని మేము అడగడం లేదు. ప్రతి రైతు సేవా కేంద్రం దగ్గర ఒక మామూలు కొలపాత్ర చాలు. పెద్ద ఊళ్లలో నాలుగు దిక్కులా నాలుగు పెట్టాలి. పాత్ర మూతి నేలకు ఒక అడుగు ఎత్తులో, సమంగా ఉండాలి. చెట్టుకైనా గోడకైనా దాని ఎత్తుకు రెండింతల దూరంలో ఉండాలి. డాబా మీద పెడితే గాలికి చినుకులు పక్కకు కొట్టుకుపోయి తక్కువ చూపిస్తుంది. పొద్దున ఎనిమిదిన్నరకు చూసి రాయాలి. మధ్యాహ్నం చూస్తే ఎండకు కొంత ఆవిరైపోతుంది. కొలపాత్ర దొరకకపోతే అడుగు చదునుగా, గోడలు నిటారుగా ఉన్న డబ్బా అయినా సరే. అందులో స్కేలు పెట్టి ఎన్ని మిల్లీమీటర్ల ఎత్తు నీళ్లున్నాయో అదే ఆ చోట పడిన వాన. ఒక మిల్లీమీటరు అంటే ఎకరాకు 4 వేల లీటర్ల పైచిలుకు నీళ్లు అని బడిపిల్లలకు చెప్పినా గుర్తుంచుకుంటారు. ఆ అంకెను గ్రామ వ్యవసాయ సహాయకులు ఫోన్లో నమోదు చేస్తే, నమూనాకు మండలం వానకు బదులు ఊరి వాన అందుతుంది. కోట్ల రూపాయల సాఫ్ట్‌వేర్ కంటే ముందు ఖర్చు పెట్టాల్సింది ఇక్కడే అని మా గట్టి నమ్మకం.

వాన తర్వాత నేల. ఇక్కడ కొంచెం లెక్క చెప్పాలి, ఓపిగ్గా చదవండి.

అనంతపురం ఎర్ర ఇసుక నేలల్లో చాలాచోట్ల మట్టి ముప్పై నలభై సెంటీమీటర్లే. దాని కింద గరుసు (రాళ్ల పొర). ఒక సెంటీమీటరు మట్టి మొక్కకు అందేలా సుమారు ఒక మిల్లీమీటరు నీళ్లు పట్టి ఉంచుతుంది అనుకుంటే, 40 సెంటీమీటర్ల నేలలో ఉండేది 40 మిల్లీమీటర్లు. అందులో మొదటి సగమే మొక్క సులువుగా తాగుతుంది, తర్వాత సగానికి కష్టపడాలి. యాభై రోజుల వేరుశనగ రోజుకు నాలుగైదు మిల్లీమీటర్లు వాడుతుంది. అంటే నేల నిండుగా తడిసిన తర్వాత కూడా నాలుగైదు రోజులకే మొక్క ఇబ్బంది మొదలవుతుంది. అదే ఆదోని, ఎమ్మిగనూరు వైపు 90 సెంటీమీటర్ల నల్లరేగడిలో, సెంటీమీటరుకు ఒకటిన్నర మిల్లీమీటరు చొప్పున వేసుకున్నా 135 మిల్లీమీటర్ల నిల్వ. సగం అంటే 65 పైన, పదమూడు పద్నాలుగు రోజులకు సరిపోతుంది. ‘రాబోయే ఎనిమిది రోజులు వాన లేదు’ అనే ఒకే అంచనా ఒక చేనికి ఆపద, ఇంకో చేనికి కలుపు తీసుకోవడానికి దొరికిన వీలు. నేల లోతు తెలియని యంత్రం ఈ రెండు చేలకూ ఒకే మాట చెబుతుంది.

మన భూసార పరీక్ష పత్రాల్లో నత్రజని, భాస్వరం, పొటాష్, ఉదజని సూచిక ఉంటాయి. లోతు ఉండదు. ఈ-క్రాప్ నమోదులో పంట, రకం, విస్తీర్ణం రాస్తున్నారు కదా, అక్కడే రెండు గడులు కలపండి. ఒకటి నేల రంగు, రకం. రెండోది గరుసు తగిలే లోతు. దీనికి ప్రయోగశాల అక్కర్లేదు. వాన పడ్డ మర్నాడు చేలో మూడు చోట్ల గడ్డపారతో గుచ్చి, గరుసు ఎంత లోతులో తగిలిందో టేపుతో కొలిస్తే చాలు. ఒక్కసారి కొలిస్తే తరాల దాకా పనికొస్తుంది, ఎందుకంటే నేల లోతు ఏటేటా మారేది కాదు. విత్తిన తేదీని కూడా చేను చేనుకూ రాయాలి. ఊడలు ఎప్పుడు దిగుతాయో, కాయ ఎప్పుడు ఊరుతుందో లెక్క మొదలయ్యేది ఆ తేదీ నుంచే. ఊరందరికీ కలిపి ఒకే తేదీ రాస్తే తర్వాత వచ్చే ప్రతి సలహా వారం పది రోజులు తప్పిపోతుంది.

ఇక విత్తే సలహా. ‘మీ మండలంలో వేరుశనగ విత్తుకోవచ్చు’ అని వచ్చే సందేశంలో రైతుకు పనికొచ్చేది దాదాపు ఏమీ లేదు. మేము కోరే సందేశం ఇలా ఉండాలి: ‘మీ ఊరి కొలపాత్రలో నిన్న 24 మిల్లీమీటర్లు. ఎర్రనేల అయితే పారతో తవ్వి చూడండి. జానెడు లోతు దాకా తడి ఉండి, మట్టి పిడికిట్లో ఉండ కడితే ఈ మూడు రోజుల్లో విత్తండి. విత్తనం అయిదు సెంటీమీటర్ల లోతులో పడాలి. రాబోయే పది రోజుల్లో మళ్లీ వాన వచ్చే అవకాశం పదింట ఆరు.’ యంత్రం చెప్పిన మాటను రైతు తన చేతి పిడికిలితో సరిచూసుకునే వీలు ఆ సందేశంలోనే ఉండాలి. తేమ తక్కువైన నేలలో పడిన విత్తనం సగం ఉబ్బి, మొలకెత్తలేక కుళ్లిపోతుంది. కదిరి-6 లాంటి వేరుశనగ రకానికి ఎకరాకు 60 కిలోల పైన గింజలు కావాలి. కాయల్లో లెక్కిస్తే 30 కిలోల మూటలు మూడు. ఒకసారి తప్పితే ఆ మూడు మూటలు మళ్లీ కొనాలి.

ముందస్తు గడువు కూడా అంతే ముఖ్యం. కాయలు ఒలిపించాలి, నాసిరకం గింజలు ఏరాలి, విత్తనశుద్ధి చేయాలి. కిలో గింజలకు 2 మిల్లీలీటర్ల ఇమిడాక్లోప్రిడ్, అది ఆరాక 3 గ్రాముల మాంకోజెబ్ పట్టించి నీడలో ఆరబెట్టాలి. రైజోబియం (నత్రజని అందించే సూక్ష్మజీవి) కలిపేటట్లయితే అన్నిటికంటే చివర, విత్తే ముందు. రాత్రి సందేశం పంపి పొద్దున విత్తమంటే ఇవన్నీ ఎగిరిపోతాయి, ముందు ఎగిరిపోయేది విత్తనశుద్ధే. అలాగని నెల ముందే ఒలిచి పెట్టుకుంటే గింజ మొలకశాతం పడిపోతుంది. అందుకే సలహా రెండు విడతలుగా రావాలి. వారం ముందు ‘ఒలుచుకోండి’, పదును అయ్యాక ‘విత్తండి’.

యంత్రానికి తట్టని ఇబ్బంది ఇంకోటి ఉంది. మండలం మొత్తానికి ఒకే రోజు విత్తమని చెబితే ట్రాక్టర్లు ఎక్కడివి? ఊరికి వెయ్యి ఎకరాల మెట్ట ఉంది, ట్రాక్టరు గొర్రు రోజుకు పన్నెండు ఎకరాలు వేస్తుంది, ఎర్రనేలలో పదును మూడు రోజులు నిలుస్తుంది అనుకుందాం. మూడు రోజుల్లో పూర్తి చేయాలంటే ఇరవై ఎనిమిది ట్రాక్టర్లు కావాలి. అవి ఉండవు కాబట్టి బాడుగ పెరుగుతుంది, చిన్నరైతు వంతు వచ్చేసరికి పదును పోతుంది. ముందు ఆరిపోయేది లోతులేని ఎర్రనేల. కాబట్టి వాటికి మొదటి రోజు, లోతైన నేలలకు తర్వాత రోజులు అని వరుస చెప్పించాలి. ఆ వరుస వేయడానికి కావాల్సింది పైన చెప్పిన లోతు గడి.

జులై దాటితే ఎర్రనేలల్లో వేరుశనగ వద్దని, కొర్ర, జొన్న, సజ్జ, కంది, అలసంద, ఆ తర్వాత ఉలవ వేసుకోమని విశ్వవిద్యాలయం ప్రత్యామ్నాయ ప్రణాళికలు ఏళ్లుగా చెబుతున్నాయి. యంత్రం కూడా అదే చెబుతుంది, సరిగ్గానే చెబుతుంది. కానీ ఆ రోజు రైతు సేవా కేంద్రంలో కొర్ర విత్తనం లేకపోతే ఆ సలహాకు అర్థం లేదు. సందేశం పంపే వ్యవస్థకూ విత్తన నిల్వల లెక్కకూ ముడి వేయండి. నిల్వ లేని విత్తనాన్ని వేయమని చెప్పకూడదు. పునర్వసు నాటికి వాన తీరు చూసి, ఏ మండలంలో ప్రత్యామ్నాయ విత్తనం ఎంత కావాల్సి రావచ్చో అధికారులకు ముందే చెప్పించవచ్చు. మా ఉద్దేశంలో ఈ నమూనాల వల్ల నిజమైన మేలు అక్కడ ఉంది. ఆ పని ఇంకా ఎవరూ మొదలుపెట్టినట్టు కనిపించదు.

పైరు మీద ఉండగా వచ్చే బెట్టకు కూడా చెప్పదగ్గ మాట ఉంది. పది మిల్లీమీటర్ల ప్రాణరక్షక తడి అంటే ఎకరాకు 40 వేల లీటర్లు, అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు ఎనిమిది. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల లోతున్న కుంట నిండా నీళ్లున్నా, గట్ల వాలు, ఇంకుడు, ఆవిరి పోగా మూడు నాలుగు ఎకరాలకు ఒక్క తడి. ఒకే ఒక్క తడి ఉన్నప్పుడు దాన్ని ఎప్పుడు వాడాలన్నదే అసలు ప్రశ్న. పూత మొదట్లో వాడేస్తే ఊడలు నేలలోకి దిగే వేళకు ఏమీ మిగలదు. వాడకుండా దాచుకుంటే మర్నాడే వాన రావచ్చు. విత్తిన తేదీ, నేల లోతు, రాబోయే వారం వాన అవకాశం ఈ మూడూ చేతిలో ఉంటే, ఈ తూకం వేయడంలో యంత్రం మనిషి కంటే మేలు. చీని (బత్తాయి), అరటి తోటల్లో డ్రిప్పుకు తేమ సెన్సర్లు పెట్టే కంపెనీలు చాలా వచ్చాయి, వాటి గురించి ఒక్క మాట చాలు. డ్రిప్పర్ కిందే గుచ్చిన సెన్సర్ ఎప్పుడూ తడే చూపిస్తుంది, నల్లరేగడిలో నెర్రె (పగులు) పక్కన గుచ్చింది ఎప్పుడూ పొడే చూపిస్తుంది.

ఇప్పుడు ఫొటో చూసి తెగులు చెప్పే యాప్‌ల సంగతి. వేరుశనగలో ఆకు పసుపు పచ్చగా మారడానికి కనీసం మూడు కారణాలున్నాయి. సున్నం శాతం ఎక్కువున్న నల్లనేలల్లో ఇనుము లోపం వస్తే లేత ఆకులు తెల్లబోతాయి, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటాయి. నత్రజని లోపంలో ముదురు ఆకులు ముందు పాలిపోతాయి. పచ్చదోమ రసం పీలిస్తే ఆకు కొనలో ‘వి’ ఆకారంలో పసుపు కనిపిస్తుంది. ఒక్క ఆకు కోసి అరచేతిలో పెట్టి ఫొటో తీస్తే, అది లేత ఆకో ముదురు ఆకో యంత్రానికి ఎలా తెలుస్తుంది? ఇనుము లోపానికి లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఇనుము సల్ఫేటు), 1 గ్రాము నిమ్మ ఉప్పు చాలు. దాన్ని దోమ అని చెబితే పురుగు మందు డబ్బా కొంటారు, పసుపు అలాగే ఉంటుంది, మళ్లీ ఇంకో డబ్బా. అందుకే యాప్ ఒక్క ఫొటోతో తీర్పు చెప్పకూడదు. మొక్క మొత్తం, ఆకు పైభాగం, ఆకు అడుగుభాగం, పెరికిన వేరు అని నాలుగు ఫొటోలు అడగాలి. చేలో అంతటా ఉందా, గుంపులుగా ఉందా, గట్టు వెంబడి ఉందా అనీ అడగాలి. తిక్క ఆకుమచ్చలో ముందుగా వచ్చేదాన్నీ ఆలస్యంగా వచ్చేదాన్నీ యంత్రం తారుమారు చేసినా పెద్ద నష్టం లేదు, రెంటికీ మందులు దాదాపు ఒకటే. కాండం కుళ్లు వైరస్ తెగులు అలా కాదు. 2000 ఖరీఫ్‌లో అనంతపురంలో సుమారు 2.25 లక్షల హెక్టార్లను దెబ్బతీసింది అదే. తామర పురుగులు వయ్యారిభామ కలుపు మొక్క పుప్పొడిని మోసుకొచ్చి అంటించే ఆ వైరస్‌కు, మొక్కలో చేరాక ఏ మందూ లేదు. పూతకు రాకముందే వయ్యారిభామ పీకడం, విత్తనశుద్ధి, చేను చుట్టూ నాలుగు వరుసల జొన్న లేదా సజ్జ, ఇవే దారి. అంటే ఆ సలహా విత్తక ముందే రావాలి. తెగులు కనిపించాక ఫొటో పెడితే యాప్ చెప్పగల నిజమైన జవాబు ‘మందు కొట్టవద్దు’ ఒక్కటే. ఆ మాట చెప్పే ధైర్యం వ్యవస్థకు ఉందా లేదా అని మీరు పరీక్షించి చూడాలి.

మందుల అమ్మకంతో ముడిపడిన యాప్‌కు ఆ ధైర్యం ఉండటం కష్టం. రోగం చెప్పేవాళ్లూ మందు అమ్మేవాళ్లూ ఒకరే అయిన చోటికి ప్రభుత్వం తన రైతుల జాబితాను ఇవ్వకూడదు.

మాట్లాడే చాట్‌బాట్‌లలో ఇంకో రకం తప్పులున్నాయి. అవి పాత పుస్తకాలు చదివి నేర్చుకున్నవి. పాత పుస్తకాల్లో వేరు పురుగుకు ఫోరేట్ గుళికలు ఉంటాయి, ఆకుముడతకు మోనోక్రోటోఫాస్ ఉంటుంది. ఫోరేట్, ట్రయజోఫాస్ వాడకం 2020 డిసెంబరు 31తో ఆగిపోయింది. మోనోక్రోటోఫాస్ 36 శాతం ద్రావణాన్ని 2023లో కేంద్రం నిషేధించింది. విశ్వవిద్యాలయం ఏటా సవరించిన మందుల జాబితాను యంత్రానికి కట్టడిగా ఇచ్చి, అందులో లేని పేరు దాని నోట రాకుండా చేయాలి. మోతాదుల విషయంలోనూ అంతే. పుస్తకంలో హెక్టారుకు రాసిన అంకెను ఎకరాకు చెబితే రెండున్నర రెట్లు ఎక్కువ పడుతుంది. రైతు చేతిలో ఉండేది 16 లీటర్ల ట్యాంకు. ‘ఎకరాకు 400 మిల్లీలీటర్ల హెక్సాకోనజోల్, 200 లీటర్ల నీళ్లు’ అని చెప్పి ఊరుకోకుండా, ‘ట్యాంకుకు 32 మిల్లీలీటర్లు, ఎకరాకు పన్నెండున్నర ట్యాంకులు’ అని చెప్పించండి. మాట కూడా మన మాట కావాలి. బుడ్డలు అన్నా, చెనక్కాయ అన్నా, వేరుశనగ అన్నా ఒకటే అని దానికి తెలియాలి. బెట్ట, పదును, గుంటక, సాలు అర్థం కాని యంత్రంతో మన రైతు రెండోసారి మాట్లాడడు.

పత్తిలో గులాబీ రంగు పురుగుకు కెమెరా బిగించిన లింగాకర్షక బుట్టలు (మగ రెక్కల పురుగులను ఎరతో రప్పించి పట్టేవి) వస్తున్నాయి. ఆదోని ప్రాంతానికి ఇవి నిజంగా అవసరం. వరసగా మూడు రాత్రులు బుట్టకు ఎనిమిది రెక్కల పురుగులు పడితే మందు అవసరమని ఉన్న లెక్కను కెమెరా బాగా పట్టగలదు. ఎర పాతబడితే మాత్రం పురుగులు చేలో ఉన్నా బుట్ట ఖాళీగా ఉంటుంది. వర్షమాపకం సున్నాకూ దీనికీ తేడా లేదు. ఎర మార్చిన తేదీ నమోదు కాకపోతే ఆ బుట్ట లెక్క చెల్లదని నియమం పెట్టండి.

సందేశం ఎవరికి చేరుతోంది అన్నది చాలామంది చిన్న విషయం అనుకుంటారు, కాదు. పాసుపుస్తకానికి కట్టిన ఫోన్ నంబరు చాలా ఇళ్లలో బెంగళూరులో పనిచేసే కొడుకుది. కౌలుకు ఇచ్చిన చేనికి సందేశం భూయజమానికి పోతుంది. ఈ-క్రాప్‌లో సాగు చేస్తున్నవారి పేరు ఉంటుంది కాబట్టి ఆ నంబరుకే పంపాలి. కౌలుదారుకు సాగుదారు హక్కు పత్రం లేకపోయినా సలహా అందాలి, సలహా పొందడానికి పత్రం అక్కర్లేదు. చదవడం రానివారికి రాత్రి ఏడు గంటల వేళ ఫోన్ చేసి గొంతుతో చెప్పించాలి, ఎత్తకపోతే పొద్దున ఆరింటికి మళ్లీ చేయాలి. అదే మాట రైతు సేవా కేంద్రం బోర్డు మీద తేదీతో రాయాలి.

2024 మొదట్లో దేశవ్యాప్తంగా జిల్లా వ్యవసాయ వాతావరణ యూనిట్లు మూసేశారు. వాతావరణ శాఖ అంచనాను ఆ జిల్లా పంటకు తగ్గట్టు మార్చి చెప్పే మనిషి అలా పోయాడు. యంత్రం ఆ ఖాళీని కొంత పూడ్చగలదు గానీ, గ్రామ వ్యవసాయ సహాయకుడి చేతిలో సలహాను ఆపే అధికారం ఉండాలి. పంపే ముందు ఆయనకు మూడు గంటల గడువు ఇవ్వండి. ‘మా ఊళ్లో వాన పడలేదు, ఆపండి’ అని ఒక మీట నొక్కితే ఆ ఊరికి సందేశం ఆగాలి. ఎందుకు ఆపాడో కారణం నమోదు కావాలి. ఆపినందుకు ఆయన్ను ఎవరూ నిలదీయకూడదు. కారణాలన్నీ సీజన్ చివర చదివితే యంత్రం ఎక్కడ తప్పుతోందో తేటగా తెలుస్తుంది.

తప్పితే నష్టం ఎవరిది? ఇప్పుడు మొత్తం రైతుదే. ఆగమన్నారని ఆగిన రైతు బీమా గడువు దాటిపోయి నష్టపోకూడదు. విత్తమన్నారని విత్తి మొలక రాని చోట, ఆ ఊరికి వెళ్లిన సందేశం నకలునే ఆధారంగా తీసుకుని మళ్లీ విత్తనం ఇవ్వాలి. సలహా కోసం రైతు ఇచ్చిన వివరాలను బీమా పరిహారం తగ్గించడానికో, అప్పు నిరాకరించడానికో వాడకూడదని ఉత్తర్వులోనే రాయాలి. ఏటా డిసెంబరులో మండలాల వారీగా లెక్క బయట పెట్టాలి. ఎన్ని సందేశాలు పంపారు, ‘పదింట ఏడు’ అన్న చోట నిజంగా ఏడుసార్లు వాన వచ్చిందా, ఆ మాట విని విత్తినవాళ్ల దిగుబడి ఎంత, వినకుండా విత్తిన పక్క చేను దిగుబడి ఎంత. ఆ రెండు చేల నేల లోతు, రకం, విత్తనశుద్ధి ఒకేలా ఉన్నాయో లేదో కూడా రాయాలి. అప్పుడు దేవనకొండ 30 శాతం లాంటి అంకె వచ్చినప్పుడు అందులో తేదీ వాటా ఎంతో అందరికీ తెలుస్తుంది.

మూడు జిల్లాలనూ ఒకేసారి చేపట్టమని అడగడం లేదు. వచ్చే ఖరీఫ్‌కు జిల్లాకు ఒక మండలం తీసుకోండి. అనంతపురంలో లోతులేని ఎర్రనేలలున్న మండలం, కర్నూలులో నల్లరేగడి మండలం, కడపలో రెండూ కలిసిన మండలం. మే నెలలో కొలపాత్రలు పెట్టి, తొలి వాన పడ్డ మర్నాడు గడ్డపారలతో నేల లోతులు కొలిపించండి. రేకులకుంట, కదిరి పరిశోధన స్థానాల శాస్త్రవేత్తలను సందేశాల మాట సరిదిద్దడానికి కూర్చోబెట్టండి. పాత్ర ఎక్కడ పెట్టాలో చూపించడానికి, లోతు కొలవడం నేర్పడానికి, పొద్దున ఎనిమిదిన్నరకు అంకె చదివే మనుషులను ఊరూరా వెతికి పెట్టడానికి మేము సిద్ధంగా ఉన్నాం. ఏ మండలాలో, ఏ తేదీన మొదలో చెబితే చాలు.

ఇట్లు,
అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల మెట్ట వ్యవసాయంలోనూ, వాతావరణ లెక్కల పనిలోనూ ఉన్నవాళ్లం